హంస పాలు తాగేసిన తర్వాత

భీమవరంలో జీవశాస్త్ర విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి రాసినది. వక్త మాట్లాడుతున్నంతసేపూ పక్కన బల్ల మీద ఒక చిన్న ప్రయోగం నడిచింది.

అందరికీ నమస్కారం. ఉపన్యాసం తర్వాత, ముందు ఒక పని మొదలుపెడతాను. అది తొందరపడితే జరిగే పని కాదు కాబట్టి ఇప్పుడే మొదలవ్వాలి. బల్ల మీద స్టాండుకు బిగించిన ఈ ప్లాస్టిక్ గొట్టం చూడండి. చిటికెన వేలంత లావు ఉంటుంది. అడుగున లేత నీలం రంగు ఇసుకలాంటిది కనిపిస్తోంది కదా, అది ఒక్క మిల్లీలీటరు. ఇసుక కాదు. ఏమిటన్నది తర్వాత చెబుతాను. ఈ సీసాలో ఉన్నది బ్యాక్టీరియాలను పగలగొట్టి, తుక్కునంతా తీసేసిన రసం. మురికి ఆకుపచ్చగా ఉంది. దీన్ని ఇప్పుడు గొట్టంలో పోస్తున్నాను. ముందు వరుసలో అమ్మాయి, నువ్వు ఇటు రామ్మా. కింద కారే చుక్కల్ని ఈ గ్లాసులో పట్టు. పైన నీలం ఇసుక ఎండిపోకుండా చూసుకో, అంతే. ఎండిందంటే ఈ పూట మనకు చూపించడానికి ఏమీ ఉండదు.

సరే. మన పెద్దలు సభల్లో హంస కథ చెబుతుంటారు. పాలూ నీళ్లూ కలిపి పెడితే హంస పాలు మాత్రం తాగి నీళ్లు వదిలేస్తుందట. వివేకానికి గుర్తు అంటారు. నేను 20 ఏళ్లకు పైగా ప్రోటీన్లను శుద్ధి చేసే పనిలో ఉన్నాను. ఈ పని చేసేవాళ్లకు ఆ కథ వింటే ఒకటే సందేహం వస్తుంది. హంస పాలు తాగేసింది, బాగుంది. మరి నా పాలేవి? గిన్నెలో మిగిలినవి నీళ్లు. పాలు హంస కడుపులో ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి పాలుగానే, విరగకుండా, బయటికి రప్పించేది ఎలా? కథ చెప్పినవాళ్లు ఆ ఊసే ఎత్తరు. ఈ పూట నేను చెప్పేదంతా ఆ రెండో సగం గురించే.

మొదటి సగం కూడా తేలికేమీ కాదనుకోండి. ఈ గ్లాసులో పడుతున్న రసం ఈ.కోలై బ్యాక్టీరియాది. దాని జన్యువులే 4 వేలకు పైన. అంటే వేల రకాల ప్రోటీన్లు ఈ రసంలో కలగాపులగంగా ఉన్నాయి. నాకు కావలసింది వాటిలో ఒక్కటి. పాతకాలం నుంచి ఏం చేస్తున్నాం? ఉప్పు వేసి కొన్నింటిని గడ్డకట్టిస్తాం. విద్యుదావేశాన్ని బట్టి కొన్నింటిని విడదీస్తాం. పరిమాణాన్ని బట్టి కొన్నింటిని. ఇంట్లో బియ్యాన్ని చేటలో చెరిగి, జల్లెడ పట్టి, చివరికి రాళ్లు ఏరినట్టే. అయితే చెరిగిన ప్రతిసారీ చేటలోంచి నాలుగు గింజలు కూడా పోతాయి. లెక్క వేయండి. ఒక్కో దశలో 80 శాతం దక్కిందనుకుందాం. చాలా మంచి ఫలితమే. అలాంటివి అయిదు దశలుంటే చివరికి చేతికొచ్చేది ఎంత? 33 శాతం. మూడింట రెండొంతులు సింకు పాలు. అదే రెండు దశల్లో, ఒక్కోదానిలో 90 శాతం దక్కితే? 81 శాతం. మా రంగంలో అందరూ అఫినిటీ క్రొమటోగ్రఫీ అని వెంటపడేది ఈ లెక్క కోసమే.

ఇంతకీ అది ఏమిటి? చిన్నప్పుడు పాడైన స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి, దానికి దారం కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ తిరిగారా? మీ తరంలో ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, సంతోషం. ఇసుకనంతా జల్లించక్కర్లేదు. ఇనప రజను దానంతటదే వచ్చి మీసాల్లా అంటుకుంటుంది. పది నిమిషాల్లో బోలెడు రజను. మరి దాన్ని అయస్కాంతం నుంచి ఊడదీయడానికి ఎంతసేపు పట్టింది? గోళ్లతో గీకితే ఇటు నుంచి అటు జరుగుతుంది గాని ఊడదు. తెలివైనవాడు ఏం చేస్తాడంటే, ముందే అయస్కాంతానికి కాగితం చుట్టి ఇసుకలో తిప్పుతాడు. తర్వాత కాగితం లోపలి నుంచి అయస్కాంతాన్ని లాగేస్తాడు. రజను మొత్తం రాలిపోతుంది. గుర్తుపెట్టుకోండి, వాడు ఇసుకలో చెయ్యి పెట్టకముందే ఊడదీయడం గురించి ఆలోచించాడు.

అఫినిటీ అన్న మాటకు తెలుగులో ఏం పెట్టాలని నన్ను ఒకసారి అడిగారు. ఆకర్షణ అంటారు, అనురక్తి అంటారు. లాటిన్‌లో ఆ మాట మూలం పెళ్లి వల్ల కలిసే చుట్టరికం. అంటే అచ్చంగా మన వియ్యం. రక్తసంబంధం లేని రెండు అణువులు ఒకదానికొకటి సరిగ్గా అమరడం. ఎంజైమూ దాని ఆహారమూ, యాంటీబాడీ అది గుర్తుపట్టే పదార్థమూ, ఇలాంటి జంటలు జీవకణాల్లో కోకొల్లలు. ఆ జంటలో ఒకదాన్ని కదలకుండా పూసలకు అతికించి గొట్టంలో పెడితే, రెండోది రసంలోంచి వచ్చి దాన్ని పట్టుకుంటుంది. మిగిలినవి దారిన పోతాయి. అతికించినదాన్ని లిగాండ్ అంటాం, పూసలు నింపిన గొట్టాన్ని కాలమ్ అంటాం.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1910లో ఎమిల్ స్టార్కెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త, పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ ఎంజైము, కరగని పిండికే అంటుకుంటుందని చూపించాడు. ఆయన యూదుడు. 1942లో నాజీలు మౌట్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో ఆయన ప్రాణం తీశారు. ఆయన చూపించిన దారి అర్ధశతాబ్దం పాటు పెద్దగా ఎవరూ నడవని దారిగానే ఉండిపోయింది. కారణం ఒకటే, లిగాండ్‌ను పూసకు గట్టిగా అతికించే మార్గం దొరకలేదు. 1967లో స్వీడన్‌లో పోరత్, ఆక్సెన్, ఎర్న్‌బాక్ సైనోజన్ బ్రోమైడ్‌తో ఆ మార్గం కనిపెట్టారు. మరుసటి ఏడాదే, 1968లో, అమెరికాలో క్వాత్రెకాసస్, విల్చెక్, అన్‌ఫిన్సెన్ ముగ్గురూ కలిసి ఒక పరిశోధన పత్రం వేశారు. అఫినిటీ క్రొమటోగ్రఫీ అన్న పేరు స్థిరపడింది దానితోనే. పూసలు వేటితో చేశారో తెలుసా? అగరోజ్‌తో. సముద్రపు నాచు నుంచి తీసేది. మీరు ల్యాబులో డీఎన్‌ఏ జెల్ పోసేది కూడా దానితోనే.

ఆ పత్రంలో నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. కైమోట్రిప్సిన్ అనే ఎంజైమును పట్టడానికి ట్రిప్టోఫాన్ నుంచి చేసిన ఒక లిగాండ్‌ను నేరుగా పూసకు అతికించారు. ఎంజైము సరిగ్గా పట్టుకోలేదు. కాస్త ఆలస్యంగా దిగిపోయింది, అంతే. అదే లిగాండ్‌కూ పూసకూ మధ్య ఆరు కార్బన్ల పొడవున్న చిన్న గొలుసు పెట్టారు. ఈసారి గట్టిగా పట్టుకుంది. అర్థమైందా? బావిలో నీళ్లున్నాయి, చేద ఉంది, తాడు పొట్టిది. తాడు పొడిగించారు. ఎంజైములో లిగాండ్ వెళ్లి కూర్చునే చోటు లోపలికి, గుంటలో ఉంటుంది. పూసకు ఆనుకుని ఉన్న లిగాండ్ ఆ గుంట దాకా అందదు. ఇంతకీ, గట్టిగా పట్టుకున్న ఆ ఎంజైమును ఎలా వదిలించారు? పీహెచ్ 3 ఉన్న అసిటిక్ ఆమ్లం పోశారు. ఆ ఆమ్లం దగ్గరికి మళ్లీ వద్దాం.

అమ్మా, రసం అంతా దిగిందా? ఆ గ్లాసు ఎత్తి అందరికీ చూపించు. ఆకుపచ్చ ఉందా? లేదు. గంజిలా, లేత పసుపుగా ఉంది. ఇప్పుడు గొట్టం చూడండి. నీలం ఇసుక పై భాగంలో ఆకుపచ్చ పట్టీ. టార్చి వేస్తాను, ఇది అతినీలలోహిత కాంతి టార్చి. చూశారా వెలుగు! అది జెల్లీచేప నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రోటీన్, జీఎఫ్‌పీ. దాన్ని కనిపెట్టి వాడుకలోకి తెచ్చినందుకు 2008లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. నేను వాడుతున్నది మాత్రం కేవలం కంటికి కనిపిస్తుందని. మామూలు ప్రోటీన్లకు రంగు ఉండదు కదా. ఇప్పుడు రెండో సీసా పొయ్యి. కడగాలి. పది మిల్లీలీటర్లు, కొంచెం కొంచెంగా. పట్టుకున్నాయి గనక పని అయిపోయిందని కడగడంలో తొందరపడే పిల్లల్ని చాలామందిని చూశాను. పూసల సందుల్లో ఇంకా రసం ఉంటుంది. ఊరికే ఆనుకుని నిలబడ్డ అనామక ప్రోటీన్లుంటాయి. బియ్యం రెండోసారి కడిగినప్పుడు కూడా నీళ్లు తెల్లగానే వస్తాయి కదా, అలాగే.

ఇప్పుడు అసలు ప్రశ్న. లిగాండ్ ఎంత గట్టిగా పట్టుకోవాలి? ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మంచిదనిపిస్తుంది. కాదు. ప్రకృతిలో ఉన్న గట్టి జంటల్లో ఒకటి బయోటిన్, అవిడిన్. బయోటిన్ ఒక విటమిను, అవిడిన్ కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ప్రోటీన్. ఆ రెంటి వియ్యం కుదిరిందంటే ఇక అంతే. విడదీయాలంటే 8 మోలార్ గ్వానిడిన్, పీహెచ్ 1.5, అలాంటి ఘోరమైన పరిస్థితి కల్పించాలి. అందులో మీ ప్రోటీన్ బతికి బట్ట కడుతుందా? అందుకే కొత్తగా లిగాండ్ ఎంచుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అది ఎలా పట్టుకుంటుందో చెప్పకండి, ఎలా వదులుతుందో చెప్పండి. జవాబు ఉంటేనే కాలమ్ కొనడానికి సంతకం పెడతాను.

యాంటీబాడీల దగ్గరికి వద్దాం. మందుల పరిశ్రమలో ఈ పద్ధతికి పెద్ద పీట వేసింది అవే. యాంటీబాడీ ఆకారం పంగలకర్రలా ఉంటుంది. పైన రెండు పంగలు, కింద కాడ. పంగలు సూక్ష్మజీవిని పట్టుకుంటాయి. కాడ మన రక్షకకణాలకు కబురు పెడుతుంది. ఇక స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉంది. సెగగడ్డలు తెప్పించేది అదే. దాని ఒంటి మీద ప్రోటీన్ ఏ అనే ప్రోటీన్ ఉంటుంది. అది చేసే పని ఏమిటంటే, యాంటీబాడీని కాడ దగ్గర పట్టేసుకుంటుంది. అంటే కర్రను తలకిందులు చేసి పట్టుకుంది. పంగలు గాలిలో ఆడుతుంటాయి, కాడ దొంగ చేతిలో ఉంది. ఇక కబురు ఎక్కడికి వెళుతుంది? ఈ కాడ సంగతి 1966లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫోర్స్‌గ్రెన్, షోక్విస్ట్ తేల్చారు. 1972 నాటికి ప్రోటీన్ ఏను అగరోజ్ పూసలకు అతికించి, రక్తరసంలోంచి యాంటీబాడీలను ఒక్క దెబ్బతో బయటికి తీయడం మొదలైంది. దొంగ చేతి కన్నపుకోల మనకు తాళంచెవి అయింది. తర్వాత స్ట్రెప్టోకాకస్ జాతి నుంచి ప్రోటీన్ జీ వచ్చింది, కాడను కాకుండా పంగలలోని కప్పా గొలుసును పట్టే ప్రోటీన్ ఎల్ వచ్చింది. పరిశ్రమలో పెద్దన్న మాత్రం ఇప్పటికీ ప్రోటీన్ ఏనే.

ఎందుకు? చక్కగా వదులుతుంది కనుక! ప్రోటీన్ జీ ఇంకా ఎక్కువ రకాల యాంటీబాడీలను పట్టుకుంటుంది, కాని దాన్ని వదిలించడానికి మరింత ఘాటైన ఆమ్లం కావాలి. ప్రోటీన్ ఏ, కాడ ఆనుకునే చోట హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటాయి. పీహెచ్ 7 దగ్గర అవి తటస్థంగా ఉంటాయి, ఒద్దికగా పక్కపక్కన కూర్చుంటాయి. పీహెచ్ 3 దాకా దించితే అవన్నీ ధనావేశం పొందుతాయి. ధనం ధనం ఎదురుపడితే ఏమవుతుంది? నెట్టుకుంటాయి. విడిపోతాయి. ఇందులో ఒక ముచ్చట ఉంది. మన యాంటీబాడీల్లో ఐజీజీ 3 అనే తరగతిని ప్రోటీన్ ఏ సాధారణంగా పట్టుకోలేదు. ఎందుకంటే కాడలో 435వ స్థానంలో హిస్టిడిన్ ఉండాల్సిన చోట దానికి ఆర్జినిన్ ఉంటుంది. కొన్ని వందల అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కటి మారితే వియ్యం కుదరలేదు.

ఆమ్లంతో ఇబ్బంది ఏమిటో నా అనుభవమే చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది. ఎలుక యాంటీబాడీ ఒకటి, ఆరు వారాలు కణాలు పెంచి తయారుచేసింది. కాలమ్‌కు పట్టించాను, కడిగాను, పీహెచ్ 2.8 ఉన్న గ్లైసిన్ బఫర్, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం, పోసి ఒక్కో మిల్లీలీటరు చొప్పున 12 గొట్టాల్లో పట్టాను. పద్ధతి ఏమిటంటే, ఆ గొట్టాల్లో ముందుగానే కొంచెం ట్రిస్ బఫర్ వేసి పెట్టుకోవాలి. పీహెచ్ 9 దగ్గర ఉంటుంది. ఆమ్లంలో పడ్డ యాంటీబాడీ గొట్టంలో దిగిన క్షణంలోనే మళ్లీ తటస్థమవుతుంది. నేను ఆ ట్రిస్ వేయడం మరిచిపోయాను. పైగా పని బాగా అయిందన్న ఆనందంలో భోజనానికి వెళ్లాను. గంట తర్వాత వచ్చి చూస్తే మూడో గొట్టం, నాలుగో గొట్టం, అయిదో గొట్టం... కుడితి నీళ్లలా తెల్లగా ఉన్నాయి. ఎక్కడ యాంటీబాడీ ఎక్కువగా దిగిందో సరిగ్గా అక్కడే. గాభరాగా ట్రిస్ పోశాను. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు అవుతుందా? మా పై అధికారి ఆ గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు నా బల్ల మీద 12 ఖాళీ గొట్టాలు పెట్టి ఉన్నాయి, ప్రతి దాని అడుగున ఒక చుక్క ట్రిస్. ఇప్పటికీ నేను కాలమ్‌కు రసం పోయకముందే వదిలించే గొట్టాలు సిద్ధం చేసుకుంటాను.

అదే ఆమ్లం పరిశ్రమలో పనికొచ్చే విధం కూడా ఉంది. యాంటీబాడీ మందులు తయారుచేసేది చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో. జంతుకణాలన్నాక వైరస్ భయం ఉంటుంది. ప్రోటీన్ ఏ కాలమ్ నుంచి దిగిన ద్రవం ఎలాగూ ఆమ్లంలోనే ఉంది కదా, దాన్ని అలాగే పీహెచ్ 3.5 ప్రాంతంలో ఒక గంట ఉంచుతారు. కొవ్వు పొర ఉన్న వైరస్‌లు చచ్చిపోతాయి. యాంటీబాడీ ఆ గంట తట్టుకునేలా ముందే పరీక్షించి పెట్టుకుంటారు. తర్వాత తటస్థం చేస్తారు. మరొక చిక్కు, ఆమ్లం పోసినప్పుడల్లా పూసల నుంచి ప్రోటీన్ ఏ కూడా ఇంచుక ఊడి వస్తుంది. బ్యాక్టీరియా ప్రోటీన్‌ను రోగి ఒంట్లోకి ఎక్కిస్తామా? ఎక్కించం. అందుకే ఆ తర్వాత ఇంకో కాలమ్, మరో కాలమ్.

ఖర్చు ఎంత అంటారా? ఒక లెక్క చెబుతాను. 10 వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు 3 గ్రాముల చొప్పున యాంటీబాడీ తయారైందనుకోండి. మొత్తం 30 కిలోలు. లీటరు పూసలు సుమారు 40 గ్రాములు పట్టుకుంటాయి. ఒకేసారి పట్టాలంటే 750 లీటర్ల పూసలు కావాలి. ఆ పూసల ఖరీదు లీటరుకు లక్షల్లో ఉంటుంది. అందుకని 150 లీటర్ల కాలమ్ పెట్టి, అయిదు విడతలుగా పట్టి, వదిలి, కడిగి, మళ్లీ పడతారు. ఆ కాలమ్ ఎలా ఉంటుందో ఊహించండి. పొడవాటి స్తంభం అనుకుంటున్నారు కదూ? మీటరు వెడల్పు, జానెడు ఎత్తు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో రెడిటక్స్ పేరుతో రిటక్సిమాబ్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడే యాంటీబాడీ అది. అప్పటి నుంచి ఈ పూసలను కడగడం, దాచుకోవడం, మళ్లీ వాడడం మన పిల్లలు ఎంతోమందికి జీవనోపాధి అయింది.

భీమవరంలో ఉండి ఒకరి పేరు చెప్పకుండా పోతే నన్ను పంపించరు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో ఇక్కడే పుట్టారు. ఆయనకూ యాంటీబాడీలకూ ఏమిటి సంబంధం అంటారేమో, ఉంది, వినండి. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ మందు ఇచ్చి చిన్నపిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా వెనక్కి నెట్టగలిగాడు. అంతవరకు చాలామందికి తెలుసు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు రెండు రకాల కణాలను కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తయారుచేసే కణాలను సృష్టించారు. కలిసిన కణాలేవో, కలవనివేవో ఏరడానికి వాళ్లు వాడిన పోషక ద్రవం హ్యాట్ (HAT) మాధ్యమం. ఆ పేరులో రెండో ఇంగ్లీషు అక్షరం దేనిది? అమినోప్టెరిన్‌ది. తర్వాత హామ్‌స్టర్ కణాల చేత ఎక్కువ ప్రోటీన్ తయారుచేయించడానికి వాడిన మందు? అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్. ఇక మా కాలమ్ సంగతి. ఆ మెథోట్రెక్సేట్‌నే పూసలకు అతికించి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును పట్టారు. పట్టు చాలా గట్టిది. వదిలించడానికి ఏం పోశారో చెప్పండి? ఫోలేటు, అంటే ఫోలిక్ ఆమ్లమే! అదీ సుబ్బారావు గారి ఇంటి సరుకే.

అమ్మా, కడగడం అయిందా? ఇంకా రెండు మిల్లీలీటర్లు ఉందా? పొయ్యి, తొందరేమీ లేదు.

ఈ నీలం ఇసుక రహస్యం ఇప్పుడు చెబుతాను. అవి కూడా అగరోజ్ పూసలే. వాటికి నికెల్ అయాన్లు తగిలించి ఉన్నాయి. రంగు నికెల్‌ది. మన ప్రోటీన్ జన్యువుకు చివర ఆరు హిస్టిడిన్ల తోక తగిలించారు. నికెల్‌కు ఆరు చేతులున్నాయనుకోండి. నాలుగు చేతులతో పూసను పట్టుకుంటుంది. ఖాళీగా ఉన్న రెండు చేతులతో హిస్టిడిన్ తోకను పట్టుకుంటుంది. లోహాలతో ప్రోటీన్లను పట్టే పద్ధతి 1975లో మొదలైంది, అదీ పోరత్ గారిదే. ఈ తోక పద్ధతి 80లలో వచ్చింది. ఇందులో అందం ఏమిటంటే, ప్రతి ప్రోటీన్‌కూ ఒక కొత్త లిగాండ్ వెతకక్కర్లేదు. ఏ ప్రోటీన్‌కైనా అదే తోక, అదే కాలమ్. వదిలించడం? హిస్టిడిన్ చివర ఇమిడజోల్ అనే ఉంగరం ఉంటుంది. నికెల్ పట్టుకునేది ఆ ఉంగరాన్నే. అలాంటి ఉంగరాలను విడిగా గుప్పెళ్లకొద్దీ పోస్తే? నికెల్ చేతులు వాటితో నిండిపోతాయి, తోక జారిపోతుంది. ఆమ్లం లేదు, ఘాటు లేదు. ఇందాక కడగడానికి పోసిన సీసాలో కూడా కొంచెం ఇమిడజోల్ ఉంది, 20 మిల్లీమోలార్. ఒకటీ రెండూ హిస్టిడిన్లతో ఏదో వేలాడుతున్న అనామకులను అది రాల్చేస్తుంది. ఆరు ఉన్నది నిలబడుతుంది.

ఈ కాలమ్ తన బాధను రంగుతో చెబుతుంది. బఫర్‌లో ఎవరైనా ఈడీటీఏ అనే రసాయనం వేశారనుకోండి, నికెల్‌ను పెకలించుకుపోతుంది. నీలం పోయి తెల్లబడుతుంది. డీటీటీ అనే మరో రసాయనం వేశారా, గోధుమ రంగుకు తిరుగుతుంది. కాలమ్ తెల్లబోయిందంటే మనమూ తెల్లబోవలసిందే.

మరి తోక లేకుండా, ప్రోటీన్ మాత్రమే రావాలంటే? ఇది మీ ఊరికి తగిన ఉదాహరణ. రొయ్యల ఫ్యాక్టరీల దగ్గర తలలు, పెంకులు గుట్టలుగా పడి ఉంటాయి కదా. ఆ పెంకులో కైటిన్ ఉంటుంది. కైటిన్‌ను పూసలుగా చేసి కాలమ్‌లో పోస్తారు. కైటిన్‌ను పట్టుకునే చిన్న ప్రోటీన్ ముక్కను మన ప్రోటీన్‌కు తగిలిస్తారు. పట్టు గట్టిది, మామూలుగా ఊడదు. అందుకని ఊడదీసే ప్రయత్నమే చేయరు. ఆ రెంటి మధ్య ఇంటీన్ అనే ముక్క పెడతారు. అది తనను తానే కోసుకునే కత్తెర. డీటీటీ పోసి రాత్రంతా చల్లగా ఉంచితే కత్తెర పడుతుంది. పట్టుకున్న ముక్క పెంకు దగ్గరే ఉండిపోతుంది, మన ప్రోటీన్ తోకా తొండం లేకుండా దిగుతుంది. కాగితం చుట్టిన అయస్కాంతం గుర్తొచ్చిందా?

ఇంకొక్క సంగతి, ఇది నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది. పాముకాటు మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలను తీస్తారు. ఆ గుర్రం ఒంట్లో పాము విషానికి సంబంధం లేని యాంటీబాడీలు కూడా లెక్కలేనన్ని ఉంటాయి. మన దగ్గర మందులో అవి కూడా చాలావరకు వెళతాయి. రోగికి ఒకటి కాదు, పది సీసాలు, ఇరవై సీసాలు ఎక్కించాల్సి రావడానికి అదొక కారణం. విషాన్నే పూసలకు అతికించి, దాన్ని పట్టుకునే యాంటీబాడీలనే ఏరవచ్చు కదా? ఏరవచ్చు. అమెరికాలో గిలక పాముల కాటుకు వాడే క్రోఫాబ్ అలా గొర్రెల యాంటీబాడీల నుంచి ఏరినదే. ధర మాత్రం మన ఊళ్లలో ఊహించలేం. ధర పక్కన పెట్టినా ఒక చిక్కు ఉంది. విషాన్ని బాగా గట్టిగా పట్టుకునే యాంటీబాడీ ఏది? రోగికి అన్నిటికంటే మేలు చేసేది. కాలమ్ నుంచి అన్నిటికంటే కష్టంగా ఊడేది ఏది? అదే! మామూలు ఆమ్లానికి మధ్యరకం పట్టున్నవి దిగి వస్తాయి. గట్టివాటిలో కొన్ని పూసకే అతుక్కుని ఉండిపోతాయి. ఇంకా ఘాటు పెంచితే దిగుతాయి, కాని విరిగి దిగుతాయి. శుద్ధి పెరిగింది, మేలిరకం తగ్గింది. కాగితం మీద 99 శాతం శుద్ధి అని చూసి సంతోషపడే ముందు, పూసల్లో ఏం మిగిలిపోయిందో కూడా కొలవండి. కొలిచేవాళ్లు తక్కువ.

సరే, ఇక మన గొట్టం. లైట్లు ఆపండి. అమ్మా, మూడో సీసా తీసుకో. 250 మిల్లీమోలార్ ఇమిడజోల్. ముందు ఆ గ్లాసు తీసేసి చిన్న గొట్టాలు పెట్టు. పెట్టావా? మంచిది, నా కంటే తెలివైనదానివి. ఒక మిల్లీలీటరు పొయ్యి. టార్చి నువ్వు పట్టుకో బాబూ. చూస్తున్నారా, పట్టీ కదిలింది. దిగుతోంది. వెనక వరుసల వాళ్లు లేచి నిలబడవచ్చు. మొదటి చుక్కలు మామూలు నీళ్లే, కంగారు పడకండి, పూసల మధ్య ఉన్న పాత బఫర్ అది. రెండో గొట్టం పెట్టు. ఇదిగో. చుక్క చుక్కకీ వెలుగు. ఇదే ఇందాక మురికి రసంలో వేల ప్రోటీన్ల మధ్య తప్పిపోయి ఉన్నది.

మూడో గొట్టం. రంగు తేలిపోతోంది. ఎవరో చేయి ఎత్తారు, ఏమిటి బాబూ? పూసల పైన ఇంకా సన్నగా ఆకుపచ్చ గీత కనిపిస్తోందా? అవును, నాకూ కనిపిస్తోంది. దగ్గరికి రండి, చూద్దాం. అమ్మా, ఇంకో మిల్లీలీటరు పొయ్యి.